లైట్లు ఆర్పాక ఒక గొంతు

ఎవరైనా "ఏం ఉద్యోగం చేశారండీ?" అని అడిగితే "పిల్లల్ని పడుకోబెట్టే ఉద్యోగం" అంటాను. నవ్వుతారు. నవ్వనీయండి. విస్సన్నపేట వైపు మామిడి తోటల మధ్య ఉన్న ఒక బాలికల గురుకులంలో వార్డెన్‌గా నా వయసంతా గడిచింది. మోకాళ్ళు మెట్లతో పోట్లాటకు దిగాక, గడువు ఇంకా ఉండగానే విరమణ తీసుకుని నూజివీడులో ఇంటిపట్టున కూర్చున్నాను. మొన్న మా మేనకోడలు అదే ఉద్యోగంలో చేరబోతూ వచ్చి "ఏం నేర్చుకోవాలి అత్తా?" అని అడిగింది. దాని కోసం, దానిలా కొత్తగా చేరే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను.

బియ్యం తూకాలూ హాజరు పట్టీలూ ఎవరో ఒకరు నేర్పుతారు. పొద్దుగూకిన దగ్గర్నుంచి పిల్ల కళ్ళు మూతపడే దాకా ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పరు. అసలు ఉద్యోగమంతా ఆ కాసేపట్లోనే ఉంది.

ముందుగా ఒక హెచ్చరిక. కోతలు కోస్తానని నాకు ఊళ్ళో పేరుంది. ఇందులో మామిడికాయల సైజు గురించీ గబ్బిలాల బలం గురించీ నేను చెప్పేవి నమ్మకండి. పిల్లల గురించి చెప్పేవి నమ్మండి.

కథల సంగతి

పిల్లలు నన్ను "కథల మేడం" అనేవాళ్ళు. నేను పుస్తకం పట్టుకుని చదివిన రోజులు తక్కువ. పట్టుకున్నా అందులో ఉన్నది చదివేదాన్ని కాదు. మా తాత తోటలో ఒక ఏడు పెద్ద రసం రకం మామిడికాయ ఒకటి కాసిందనీ, దాని నీడలో బాపులపాడు వాళ్ళు పందిరి ఖర్చు లేకుండా పెళ్ళి చేసుకున్నారనీ, అది పండి రాలినప్పుడు టెంక దొర్లుకుంటూ వెళ్ళి హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డుకు అడ్డంగా పడిందనీ చెప్పేదాన్ని.

"మరి లారీలు ఎలా వెళ్ళాయి మేడం?"

"డ్రైవర్లందరూ దిగి, చీకి చీకి దారి చేసుకున్నారు."

మంచాల మీద నుంచి నవ్వులు పొంగేవి. నాకది బ్రహ్మానందం. కానీ ఆ నవ్వు ఆగాక నిద్ర రావడానికి చాలాసేపు పడుతుందని గమనించడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ఇంకో సంగతి, "మిగతాది రేపు" అన్నానంటే ఆ రాత్రి గదంతా గుసగుసలే. చాట్రాయి గబ్బిలం బస్సును కాయనుకుని ఎత్తుకుపోయిన కథ అలా మధ్యలో ఆపితే, కండక్టరు దిగాడా లేదా అని వాళ్ళు దుప్పట్ల కింద చర్చ పెట్టారు. ఒక పిల్ల చీకట్లో నా గది తలుపు కొట్టి మరీ అడిగింది. "మేడం, గాల్లో ఉన్నప్పుడు కూడా టికెట్ కొట్టాడా?"

అందుకే చెబుతున్నాను అమ్మాయిలూ, నవ్వించే కథలు సాయంత్రం పల్లీలు తినే వేళ చెప్పండి. పడుకునే వేళ చెప్పే కథ ఆ పూటే ఇంటికి చేరాలి. వీలైతే పిల్లలకు ముందే తెలిసిన కథ అయ్యుండాలి. దెయ్యాల కథలు మాత్రం ఏ వేళా వద్దు. నేను సెలవులో ఉన్నప్పుడు నా బదులు వచ్చిన ఒకావిడ, పిల్లలు రాత్రిళ్ళు బయట తిరగకుండా ఉండాలని బాత్రూముల వెనక చింతచెట్టు మీద ఎవరో ఉన్నారని చెప్పింది. తిరగడం నిజంగానే మానేశారు. బాత్రూముకి వెళ్ళడం కూడా మానేశారు. నేను తిరిగొచ్చేసరికి దండేల నిండా పరుపులు ఆరుతున్నాయి.

టీ చేసిన నిర్వాకం

మా ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారు. వృక్షశాస్త్రం మేడం. మంచి మనిషి, నిఖార్సైన మనిషి, కానీ నిద్ర అనేది చదువుకి శత్రువని ఆవిడ నమ్మకం. ఒక ఏడు పబ్లిక్ పరీక్షల ముందు, రాత్రి భోజనాలయ్యాక పదో తరగతికి చిక్కటి టీ ఇవ్వమన్నారు.

వంట చేసే సుబ్బులు మాకందరికీ పెద్ద దిక్కు. టీ మరిగిస్తూ, "ఈ డికాషన్ పోస్తే మామిడి చెట్టు కూడా నిద్రపోదండీ" అంది.

అన్నంతా అయింది. పిల్లలు పుస్తకాల ముందు కళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. చదివింది మాత్రం తలకెక్కలేదు. తెల్లారి జడలు వేసుకునే దగ్గర దువ్వెన కోసం జుట్లు పట్టుకున్నారు. వారం తిరక్కుండానే ఒక పిల్ల పరీక్ష రాస్తూ రాస్తూ పేపరు మీదే తల పెట్టి నిద్రపోయింది. ప్రిన్సిపాల్ గారు సుబ్బులుని పిలిచి ఏదో చెప్పారు. మర్నాడు టీ గిన్నె స్థానంలో రాగి జావ గిన్నె వచ్చింది. తప్పు ఒప్పుకునే పద్ధతుల్లో అది చాలా మర్యాదైనది.

ఫోన్ల గురించి రెండు ముక్కలు. సెలవులకు ఇంటికి వెళ్ళొచ్చిన పిల్లలు పది రోజుల దాకా నిద్రకు పనికిరారు. ఇళ్ళల్లో పడుకునే ముందు ఫోను మొహం మీద పెట్టుకుని, వేలితో బొమ్మల్ని పైకి తోసుకుంటూ గడుపుతారు కదా, ఆ అలవాటు వదలదు. కొందరికి చీకట్లో వేలు ఊరికే కదులుతూ ఉండేది. వాళ్ళను తిట్టి లాభం లేదు. నేను వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చేదాన్ని. రేపటి రిబ్బన్లు చుట్టడం, పక్క పిల్లకు నూనె రాయడం, కాయగూరల పుస్తకం లాంటి చప్పటి పుస్తకం పేజీలు తిప్పడం. చేతులు నెమ్మదిస్తే కళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

దుర్గ

ఇక నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టిన పిల్ల గురించి. పేరు దుర్గ. ఏడో తరగతి. చాట్రాయి వైపు పిల్ల. తల్లీ తండ్రీ మామిడి తోటల్లో కూలి చేస్తారు, కాయ పట్టిన దగ్గర్నుంచి కోతయ్యే దాకా తోటలోనే గుడిసె వేసుకుని కాపలా ఉంటారు. తండ్రి పేరు వెంకటేశు.

దుర్గ రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. ఏడ్చేది కాదు, అల్లరి చేసేది కాదు. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని కళ్ళు తెరుచుకుని పడుకునేది. పగలు మాత్రం క్లాసులో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయేది. ఒకసారి బెంచీ మీద నుంచి పడి గడ్డం చీరుకుంది. కుట్లు పడ్డాయి.

సుబ్బులు ఎండుమిరపకాయలు దిగదుడిచింది. వ్యాయామం నేర్పే మేడం గ్రౌండు చుట్టూ పరిగెత్తించింది. మర్నాడు పిల్ల క్లాసులో ఇంకా గాఢంగా నిద్రపోయింది. నేను నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు అన్నీ చూసి, "పిల్ల ఆరోగ్యంగా ఉందమ్మా. మందు రాయను. రాత్రి పడుకునే ముందు మీ దగ్గర ఎలా ఉంటుందో, వాళ్ళింట్లో ఎలా ఉండేదో తేడా చూడండి" అన్నారు.

ఈలోగా ప్రిన్సిపాల్ గారు పిల్లను తీసుకెళ్ళమని ఇంటికి కబురు పంపేశారు. ఆవిడ భయం ఆవిడది. మళ్ళీ పడితే ఈసారి తలకే తగలొచ్చు. తండ్రి ఫోన్లో, "ఆదివారం సాయంత్రం బస్సుకొచ్చి, సోమవారం పొద్దున తీసకపోతానండీ. పిందె బాగా నిలబడింది ఈ ఏడు. మాకూ మనిషి కావాలి" అన్నాడు. అలా తోటకు వెళ్ళిన పిల్లలు కోతలయ్యాక తిరిగొస్తామంటారు. తిరిగొచ్చినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. కోతలయ్యేసరికి ఇంకేదో పని తగులుకుంటుంది, లేకపోతే ఏదో సంబంధం వస్తుంది. దుర్గకి ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకటి చూశాను. ప్లేట్లు గణగణ మోగుతున్నాయి, సుబ్బులు సాంబారు గరిటెతో గిన్నె అంచు మీద కొడుతోంది, పిల్లలు అరుస్తున్నారు. ఆ గోలలో దుర్గ గోడకి చేరబడి పసిపిల్లలా నిద్రపోతోంది. లేపి పక్కకు తీసుకెళ్ళాను.

"ఏమే, ఇంత సంతలో నిద్ర ఎలా పడుతుందే నీకు?"

"సంతగా ఉంది కాబట్టే కదా మేడం."

"అంటే?"

"క్లాసులో టీచర్ మాట్లాడతానే ఉంటారు. ఇక్కడ గిన్నెలు మోగుతుంటాయి. రాత్రిళ్ళే అందరూ ఒక్కసారి ఆపేస్తారు."

"ఆపేస్తేనే కదే జనం పడుకునేది?"

ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. "మా నాన్న రాత్రంతా నూనె డబ్బా కొడతా కేకేస్తంటాడు మేడం. గబ్బిలాలకీ పందులకీ దొంగలకీ. డబ్బా మోగుతుంటే మేం పడుకుంటాం. ఆగిందంటే అమ్మ లేస్తది. నాన్నకేమైనా అయిందా, పాముందా, ఎవరైనా పడ్డారా అని. అమ్మ లేస్తే నేనూ లేవాలి. టార్చి నేనే పట్టాలి."

డాక్టరు గారు అడిగిన తేడా ఇదే. మనకు నిశ్శబ్దం అంటే విశ్రాంతి. ఆ పిల్లకు నిశ్శబ్దం అంటే ఏదో జరిగిందని అర్థం. లైట్లు ఆర్పి "ష్, చప్పుడు చెయ్యకండి" అని నేను కఠినంగా అన్న ప్రతి రాత్రీ, ఆ పిల్ల చెవిలో డబ్బా ఆగిపోతోంది.

ఆపకుండా మాట్లాడటం

నాకు మాట్లాడటం ఆపకపోవడం అంటే పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రాత్రే దుర్గ మంచం పక్కన కుర్చీ వేసుకుని, "నువ్వు పడుకునే దాకా నేను ఆపను" అని మొదలుపెట్టాను. పెద్ద రసం కాయ, టెంక, లారీలు, గబ్బిలం, బస్సు. ఫలితం ఏమిటంటే దుర్గతో పాటు గదిలో ఉన్న మిగతా పిల్లలంతా కూడా లేచి కూర్చున్నారు.

తలుపు దగ్గర ప్రిన్సిపాల్ గారు. "ఏంటండీ ఇది? హాస్టలా, సినిమా హాలా?"

డబ్బా సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే నమ్మలేదు. "మాట్లాడాలంటే పనికొచ్చేది చదవండి. మీ అబద్ధాలు వద్దు" అని వెళ్ళి, మార్కెట్ యార్డులో రైతులకు ఊరికే పంచిపెట్టే మామిడి సాగు పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

శనివారం రాత్రి బుద్ధిగా అదే తెరిచాను. ఏం చెయ్యను, నా నోరు నా మాట వినదు. తేనెమంచు పురుగు అని రాసి ఉన్న చోట, ఆ పురుగు పెళ్ళికొడుకై పూతకొమ్మల ఊరేగింపులో వచ్చిందని చదివాను. పిండినల్లి అనే ఇంకో పురుగు ఆడపడుచై అలిగిందని చదివాను. మళ్ళీ నవ్వులు. మళ్ళీ తలుపు దగ్గర ప్రిన్సిపాల్ గారు.

"ఇలా ఇవ్వండి. చదవడం అంటే ఏంటో నేను చూపిస్తా."

నన్ను కుర్చీలోంచి లేపి ఆవిడ కూర్చున్నారు. కళ్ళజోడు సర్దుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. రాజ్యలక్ష్మి గారి గొంతు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. అది పైకి లేవదు, కిందకి దిగదు. కాలవలో నీళ్ళలా ఒకే మట్టంలో పోతూ ఉంటుంది. ప్రశ్నకూ జవాబుకూ ఒకటే రాగం. ఆవిడ క్లాసు మధ్యాహ్నం పెట్టవద్దని తోటి టీచర్లు చాటుగా బతిమాలుకునేవారు.

పూత దశలో తీసుకోవలసిన జాగ్రత్తల దగ్గర కిటికీ వైపు పిల్లలు పడుకున్నారు. బూడిద తెగులు వచ్చేసరికి గోడ వైపు వాళ్ళు. మందు ఎంత నీటిలో కలపాలో చెప్పే దగ్గర నేను కూడా గుమ్మానికి ఆనుకుని తూలాను. ఉలిక్కిపడి చూస్తే, దుర్గ చెయ్యి మంచం అంచు నుంచి జారి వేలాడుతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నిద్ర!

ప్రిన్సిపాల్ గారు తలెత్తి చదవడం ఆపారు. "ఏంటి, అందరూ పడుకున్నారేంటి?"

ఆ ఒక్క క్షణం నిశ్శబ్దానికే దుర్గ కళ్ళు టక్కున తెరుచుకున్నాయి. లేచి కూర్చుని, చేత్తో దిండు పక్కన తడుముకుంది. టార్చి కోసం.

ప్రిన్సిపాల్ గారు ఆ చేతిని చూశారు. నేను ఎంత చెప్పినా నమ్మనిది ఆ తడుముడుతో నమ్మారు. మళ్ళీ పుస్తకంలోకి వంగి, చదివిన పేజీయే మళ్ళీ చదివారు. పిల్ల పడుకుంది. ఈసారి ఆవిడ ఆపలేదు. పేజీ తిప్పేటప్పుడు కూడా గొంతు తెగకుండా చూసుకున్నారు. చివరికి ఎప్పుడో, నీళ్ళు ఇంకినట్టుగా గొంతు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ లేచారు. దుర్గ కదల్లేదు.

బయటికొచ్చాక నన్ను అడిగారు. "నేను చదువుతుంటే పిల్లలు అంత శ్రద్ధగా విన్నారా?"

"మీ గొంతు పిల్లలకిచ్చే ధైర్యం అలాంటిదండీ" అన్నాను. నా జీవితంలో కోతలా వినిపించిన నిజం అదొక్కటే.

ఆదివారం

ఒక్క రాత్రి నిద్రతో ఏం తేలుతుంది? సాయంత్రం బస్సుకి వెంకటేశు ఖాళీ సంచితో దిగాడు. ఎండకి మాడిన సన్నటి మనిషి. కళ్ళ కింద నల్లటి గుంటలు.

"అమ్మా, నా పిల్ల కళ్ళ ముందుంటే చాలు నాకు. చదువు లేకపోయినా బతుకుతాం. తల పగిలితే ఏం చెయ్యను?" అన్నాడు.

"ఒక్క రాత్రి చూడు వెంకటేశూ. నిన్న పడుకుంది."

"నిన్న పడుకున్నది రేపు పడుకుంటదని ఏంటండీ? మీరు రోజూ కూకుంటారా పక్కన?"

"కూర్చుంటాం. మాకు జీతం ఊరికే ఇస్తున్నారా?"

అతను నమ్మలేదు. తోట మీద కూడా మనసు పీకుతోంది. "బావమరిదిని కాపలా పెట్టొచ్చానండీ. వాడు డబ్బా కొట్టేది తక్కువ, గురక కొట్టేది ఎక్కువ."

మగవాళ్ళు పిల్లల గదిలోకి రాకూడదు కాబట్టి బయట వరండాలో కిటికీ పక్కన చాప వేశాం. దుర్గ తండ్రిని కిటికీలోంచి చూసి, వెళ్ళి పడుకుంది. ప్రిన్సిపాల్ గారు వచ్చి పుస్తకం తెరిచారు. కాయ నిలబడటానికి తీసుకోవలసిన జాగ్రత్తలు. నేను గుమ్మంలో నిలబడి ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను తండ్రి మీద వేశాను. ఈ రాత్రి పిల్ల మేలుకుందంటే ఇంక నేను ఏం కథ చెప్పినా పనిచెయ్యదు.

వెంకటేశు మోకాళ్ళు పట్టుకుని కిటికీ చువ్వల్లోంచి కూతుర్ని చూస్తున్నాడు. దుర్గ రెప్పలు బరువెక్కాయి. మూతపడ్డాయి. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. చువ్వకి తల ఆనించాడు. కాసేపటికి సుబ్బులు ఇతని కోసం అన్నం ప్లేటు పట్టుకొచ్చి, వరండాలో ఆగిపోయింది.

"మేడం! ఈయన తినకుండానే పడుకున్నాడండీ!"

"ష్!" అనబోయి, ఆ అలవాటు అప్పుడే మానుకున్నాను. "పడుకోనీ. హాస్టల్ దుప్పటి ఒకటి తెచ్చి కప్పు" అని మామూలు గొంతుతోనే చెప్పాను.

ఏళ్ళ తరబడి, కాయ కాలమంతా రాత్రిళ్ళు ఇతరుల నిద్ర కాచిన మనిషి, తన కోసం ఇంకొకరు మేలుకుని ఉన్నారని తెలియగానే నిద్రలోకి పడిపోయాడు. లోపల ప్రిన్సిపాల్ గారు పిందె రాలకుండా ఏం చల్లాలో చదువుతూనే ఉన్నారు.

పొద్దున్నే ఎండ ముఖాన పడితే, "తోట!" అంటూ ఒక్క ఉదుటున లేచాడు. చుట్టూ చూసుకుని, ఒంటి మీద దుప్పటి చూసుకుని సిగ్గుపడ్డాడు. "తెల్లారిపోయిందా అండీ? నేను అస్సలు కదల్లేదా?"

"మీ అమ్మాయి కూడా కదల్లేదు."

సుబ్బులు ఉప్మా పెట్టింది. తింటూ ఉండగా దుర్గ వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు, ఉతికిన యూనిఫాం. ఒక భుజానికి పుస్తకాల సంచి. ఇంకో చేతిలో, తండ్రి తెచ్చిన సంచిలో సర్దిన బట్టలు. నిద్రపోయిన మొహం ఎలా ఉంటుందో చాలా రోజుల తర్వాత ఆ పిల్లలో చూశాను.

"ఏ సంచి తీసుకోను నాన్నా?"

వెంకటేశు నమలడం ఆపాడు. ఆ రెండు సంచుల వంకా చూశాడు, గడ్డం మీద కుట్ల వంక చూశాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, బట్టల సంచి అందుకున్నాడు.

దాన్ని నా చేతికిచ్చాడు. "ఇది లోపల పెట్టించండమ్మా. ఖాళీ సంచి మళ్ళీ వచ్చినప్పుడు తీసకపోతా" అని, కూతురితో, "నిలబడ్డావేంటి, గంట కొట్టలా?" అన్నాడు.

ఆ రోజు నాకు వేరే పని ఉన్నా, మనసాగక క్లాసు గది కిటికీలోంచి తొంగి చూశాను. దుర్గ పక్కపిల్ల చెవిలో ఏదో చెబుతూ పగలబడి నవ్వుతోంది. టీచర్ సుద్దముక్క విసిరి, "దుర్గా! కబుర్లు ఆపు, లేకపోతే బయట నిలబెడతా!" అని కేకేసింది. నిద్రపోతున్నావని కాదు, మాట్లాడుతున్నావని తిట్టింది. నేను ఆ కిటికీ దగ్గరే గోడకి చేరబడి, హాయిగా కళ్ళు మూసుకున్నాను.